జంపక్క చెప్పిందే రాశారు

2008 వేసవిలో, భద్రాచలం దగ్గరి ఒక చిన్న ప్రభుత్వ దవాఖానాకు దూలయ్య తన భార్య జంపక్కను తీసుకొచ్చాడు. ఆమె ఎడమ ముంజెయ్యి బాగా వాచిపోయి ఉంది.

"వాగు కాడ రాళ్ల మీద జారి పడ్డది మేడమ్," అన్నాడు.

డాక్టర్ పుష్పలత ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూసింది. జారినవాళ్లు అరచెయ్యి ఆనించి పడతారు, మణికట్టు విరుగుతుంది. ఈమెకు ముంజేతి మధ్యలో విరిగింది. తల మీద పడబోయే దెబ్బకు చెయ్యి అడ్డం పెడితే అలా విరుగుతుంది. రెండు నెలల కిందటి చీటీలో పగిలిన పెదవి. అక్కడ కూడా 'జారి పడింది' అనే ఉంది, పుష్పలత రాతలోనే. ఆమెకు సిగ్గేసింది.

"ఎట్లా తగిలిందమ్మా?" అని జంపక్కనే అడిగింది. జంపక్క భర్త వైపు చూసింది.

"దానికి తెలుగు రాదు మేడమ్. కోయ మాటే. నేనే చెప్పాలె."

"నువ్వు బయట కూర్చో. చిన్నక్క చెప్తుంది."

చిన్నక్క అక్కడ ఆయా. ఆమెదీ కోయ ఊరే. దూలయ్య బయటికి వెళ్లాక గొంతు తగ్గించింది. "ఆయన మా ఊరోళ్లకు సుట్టం మేడమ్. నేనే కల్పించి చెప్పిన్నంటరు."

"ఆమె అన్నది అన్నట్టు చెప్పు. రాసేది నేను. సంతకం నాది."

చిన్నక్క తలుపు దగ్గరగా వేసింది. తర్వాత జంపక్క పక్కన కూర్చుని కోయలో అడిగింది. జంపక్క మొదట మెల్లగా, ఆ తర్వాత ఆగకుండా మాట్లాడింది.

"రోకలితోని కొట్టిండట. అప్పుడు పెదవి పగిలింది గూడ ఆయన కొట్టబట్టేనట. కానీ పోలీసులకు ఇయ్యాల చెప్పొద్దంటున్నది. బిడ్డ అత్త కాడ ఉన్నదట. ముందు పిల్ల తన కాడికి రావాలంట."

కట్టు సామాను తెచ్చిన కాంపౌండర్ ప్రభాకర్ ఆ మాట విన్నాడు. "జారి పడ్డదని రాయండి మేడమ్. లేకుంటే కోర్టు చుట్టూ మీరే తిరగాలె."

"తిరుగుతాను," అంది పుష్పలత. జంపక్క చెప్పింది చెప్పినట్టు రాసింది. చిన్నక్క దాన్ని కోయలో వినిపించాక జంపక్క వేలిముద్ర వేసింది.

రెండు రోజులు వార్డులో ఉంచాలని మాత్రం చెప్పి దూలయ్యను ఇంటికి పంపారు. మణుగూరులో ఉన్న జంపక్క అన్నకు చిన్నక్క ఫోన్ చేసింది. మర్నాడు మధ్యాహ్నానికి అతను, అమ్మను చూపిస్తానని జంపక్క అత్తకు చెప్పి, మేనకోడలిని ఎత్తుకొచ్చాడు. పిల్ల ఒళ్లో కూర్చున్నాక జంపక్క చిన్నక్కతో ఒక్క ముక్క అంది.

"ఇప్పుడు పోలీసులను పిలవమంటున్నది మేడమ్."

కానిస్టేబుల్ వచ్చాడు. జంపక్క అతని ముఖంలోకి చూస్తూ మళ్లీ అంతా చెప్పింది, చిన్నక్క తెలుగులో వినిపించింది. దూలయ్య మీద కేసు రాశారు. ఆమె బిడ్డతో అన్న ఇంటికి వెళ్లిపోయింది.

ఆరు వారాలకు కట్టు విప్పించుకోవడానికి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చెయ్యి వంచి, చాచి చూసుకుని నవ్వింది. కోర్టు వాయిదాకు డాక్టరమ్మ కూడా వస్తుందా అని చిన్నక్కతో అడిగించింది. వస్తానంది పుష్పలత.

అప్పటినుంచి ఏ ఆడమనిషి దెబ్బలతో వచ్చినా, వెంట వచ్చినవాళ్లు బయటే కూర్చోవాలి. భర్తలు గొణిగేవారు.

"గొణుక్కోనీ మేడమ్," అనేది చిన్నక్క.