ఆల్వా తోమిన కొలను

తెల్లవాళ్ల పార్కులోని ఈతకొలనును మా ఆయన ఆల్వా పంతొమ్మిదేళ్లు తోమాడు. అందులో తడిసింది మాత్రం ఒక్కసారే, అదీ మెట్లు కడుగుతూ కాలు జారి. నల్లవాడు పడ్డ నీళ్లని, ఆ రోజే అన్నీ తీయించేశారు. ఆ ఖాళీ కొలనును మళ్లీ తోమించింది కూడా ఆయన చేతే. సిగ్గూ ఎగ్గూ లేని మనుషులు!

ఆ జూన్‌లో కోర్టు తీర్పు వచ్చింది. సోమవారం నుంచి ఊళ్లోని పార్కులు, కొలనులు నల్లవాళ్లకీ తెరవాలట. మా అమ్మాయి వెర్లీన్‌కి ఈత నేర్పించాలన్నది నా పంతం. దాని వయసులోనే, తొమ్మిదేళ్లకే, మా తమ్ముడు క్లేటన్ నదిలో మునిగిపోయాడు. కొలనులోకి రానిస్తే వాడు నదికి ఎందుకు వెళ్తాడు?

శుక్రవారం పార్కు సూపర్‌వైజరు నీళ్లు తీసెయ్యమన్నాడట. ఆల్వా సంబరంగా ఇంటికొచ్చాడు.

"మన పిల్లల కోసం కొత్త నీళ్లు పెడుతున్నారే!"

"అని ఆయన చెప్పాడా?"

"వేరే చెప్పాలేంటి? నీళ్లు తీసేది తోమడానికేగా! ఇన్నేళ్లుగా చూట్టం లేదూ?"

శనివారం ఎవరూ అడక్కుండానే వెళ్లి, పొద్దుగూకేదాకా తోమాడు. మూలల్లో నాచును పళ్ల బ్రష్షుతో గీకాడట.

"కంచం అక్కర్లేదు, అందులోనే వడ్డించుకు తినొచ్చు" అన్నాడు.

ప్రతి శనివారం వేడి దువ్వెనతో వెర్లీన్ ఉంగరాల జుట్టు సాపు చేస్తాను. ఈసారి బిగించి జడలల్లాను. ఆదివారం చర్చిలో సంఘపెద్ద భార్య ఊరుకోలేదు.

"ఏమ్మా, దువ్వెన విరిగిందా?"

"రేపు నీళ్లలో మునిగే తలకి ఇస్త్రీ ఎందుకొదినా?"

సోమవారం పొద్దున్నే ముగ్గురం వెళ్లాం. కొలను పక్కన మూడు లారీలు. చూస్తుండగానే మొదటిది ఎర్రమట్టిని కొలనులో కుమ్మరించింది. నాకు మతి పోయింది.

భుజాన తువ్వాళ్లేసుకున్న ఇద్దరు పిల్లలతో ఒక తెల్లావిడ సూపర్‌వైజరు మీద విరుచుకుపడింది. "మరి మా పిల్లలెక్కడ ఈదాలండీ?"

"ఇక ఎవరూ ఈదరమ్మా. ఊరి పెద్దల తీర్మానం."

ఎదుటివాడికి అపశకునం కావాలని తన ముక్కు కోసుకున్నాడట ఒకడు. సామెత అనుకునేదాన్ని. కళ్లారా చూశాను.

"అయ్యా, దాన్ని నేను మొన్ననే తోమానండీ" అన్నాడు ఆల్వా.

"ఎవడు తోమమన్నాడు నిన్ను? పార పట్టు" అని నవ్వాడు సూపర్‌వైజరు.

ఆల్వా జేబులోంచి కొలను తాళాలు తీసి ఆ మట్టిలోకి విసిరాడు.

"అమ్మా, నీళ్లేవీ?" అంది వెర్లీన్.

ఇంటికెళ్లి బట్టలారేసే తాడు విప్పాను. మధ్యాహ్నానికి నది దగ్గరున్నాం, క్లేటన్ మునిగిన చోటే. ఆల్వా తాడు ఒక కొస పిల్ల నడుముకి, ఇంకో కొస తన నడుముకి కట్టి, పిల్లతో నీళ్లలోకి దిగాడు.

"నీకు ఈత రాదుగా నాన్నా?"

"రాదు తల్లీ. తాడు లాగడం వచ్చు. కాళ్లాడించు."

ఒడ్డున నేను తాడును నడిమధ్యన రెండు చేతులకీ చుట్టుకుని నిలబడ్డాను.