కమ్మీకి ఇవతల

కోడలు కంచం తీసి, మూతి తుడుచుకోవడానికి తువ్వాలు అందించి, మంచం అంచుకు అడ్డంగా ఇనుప కమ్మీ తగిలించింది. కొక్కేలు సరిగ్గా కూర్చున్నాయో లేదో ఒకసారి కుదిపి చూసింది. మంచినీళ్ళ సీసా, ఫోను, కళ్ళజోడు చేతికందేలా పెట్టింది. లేవొద్దని, సాయంత్రం దాకా ఓపిక పట్టమని రోజూ చెప్పే మాటే చెప్పి, తలుపు బయటినుంచి తాళం వేసుకుని బట్టల దుకాణంలో పనికి వెళ్ళిపోయింది.

ఆమె చెప్పుల చప్పుడు మెట్లన్నీ దిగిపోయేదాకా లిఫ్టు తాత కదలకుండా పడుకున్నాడు.

ఆ పేరు ఆ భవనంలోని పిల్లలు పెట్టింది. ఒక పాత ఆఫీసులో ఆయన ముప్పయ్యేళ్ళకు పైగా లిఫ్టు నడిపాడు. గ్రిల్లు తలుపు లాగడం, ఇత్తడి పిడి తిప్పడం, అంతస్తు చెప్పడం, మళ్ళీ గ్రిల్లు లాగడం. తనతోపాటు పైకెక్కినవాళ్ళు పెద్ద పెద్ద పదవులకు ఎక్కారనీ, తాను మాత్రం ఎన్నిసార్లు ఎక్కినా సాయంత్రానికి నేల మీదే దిగేవాడిననీ ఆయనే చెప్పి ఆయనే నవ్వేవాడు. స్టూలు ఇచ్చినా కూర్చునేవాడు కాదు. కూర్చుంటే పనిలో ఉన్నట్టు అనిపించేది కాదు. అలా నిలబడి నిలబడి కొడుకు తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేశాడు. ఆ కొడుకే ఇప్పుడు తండ్రిని నిలబడనివ్వడు. పైగా ఉంటున్నది మూడో అంతస్తు, లిఫ్టు లేని ఇల్లు. పైవాడికీ వేళాకోళం తక్కువేమీ కాదు.

కొడుకును తప్పు పట్టడానికి లేదు. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ కుర్చీలోంచి లేచి స్నానాల గదివైపు నడుస్తూ వాడి కళ్ళముందే పడింది. తుంటి విరిగింది. మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఒకరోజు ఈయన గడప దగ్గర జారాడు. మోకాలు గీసుకుపోయిందంతే. మర్నాడే కొడుకు వెల్డింగు షాపుకు పోయి, కొలతలిచ్చి, తెల్లరంగు వేయించి ఈ కమ్మీ తెచ్చాడు. మంచానికి ఒకవైపు గోడ, రెండోవైపు ఇది. వాడు దాన్ని తగిలిస్తుంటే లిఫ్టు తాత పాత గ్రిల్లు తలుపును తలుచుకున్నాడు. ఆ తలుపు కనీసం తన చేతిలో ఉండేది.

కింద హాల్లో కుర్చీలు జరిపిన చప్పుడయింది. ఆయన కళ్ళు తెరిచాడు.

వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక వ్యాయామం టీచరమ్మ వచ్చి ఆ భవనంలోని ముసలివాళ్ళకు పడిపోకుండా ఉండే కసరత్తులు నేర్పుతుంది. రెండో అంతస్తు టైలరు వెళ్తాడు. ఈయన్నీ పంపమని టైలరు అడిగితే, మెట్లు దిగి పడటానికా అని కొడుకు కొట్టిపారేశాడు. కానీ కిటికీకి తాళం లేదు. టీచరమ్మ గొంతు ఖంగుమంటుంది.

కమ్మీ చివరకీ మంచం కోడుకీ మధ్య జానెడు పైన సందు ఉంది. తండ్రి ఒళ్ళు ఇంత తగ్గుతుందని కొడుకు కొలతల్లో చూసుకోలేదు. లిఫ్టు తాత పిరుదుల మీద జరుగుతూ ఆ సందు దగ్గరికి వచ్చాడు. ఒక కాలు దించాడు. కాసేపు ఊపిరి తీసుకుని రెండోది దించాడు. లేచి, చుట్టూ తిరిగి, కమ్మీకి ఇవతలి వైపు నిలబడి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మడమలు పైకి..." అంది కింది గొంతు.

ఆయన మడమలు లేపాడు. ఒకప్పుడు చెక్కలా ఉండే పిక్కల మీద చర్మం ఇప్పుడు ఖాళీ సంచిలా వేలాడుతోంది. దాని లోపల ఏదో బిగిసి వణికింది. దించమంటే దించాడు. ఎవరో చెప్పిన అంతస్తుకు వెళ్ళడం ఆయనకు కొత్తేమీ కాదు. ఒంటికాలి మీద నిలబడమంది. నిలబడ్డాడు. మొదట్లో కమ్మీని బల్లిలా కరుచుకునేవాడు. ఈమధ్య వేళ్ళు ఆనిస్తే చాలుతోంది. కింద టైలరు ఏదో జోకు వేసినట్టున్నాడు, అందరూ నవ్వారు. ఏం జోకో వినపడకపోయినా ఈయనా నవ్వాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే సందు మూసేస్తారు. కోడలికి చీవాట్లు పడతాయి.

క్లాసు అయ్యాక మళ్ళీ సందులోంచి లోపలికి దూరి దుప్పటి కప్పుకున్నాడు. దొంగతనం చేసి వచ్చినట్టు గుండె కొట్టుకుంది, హాయిగా.

ఆ సాయంత్రం టైలరు ఊరుకోక టీచరమ్మను పైకి తీసుకొచ్చాడు. కొడుకు అప్పుడే ఆఫీసునుంచి వచ్చి చొక్కా కూడా విప్పలేదు. మర్యాదగా టీ ఇప్పించి, తండ్రిని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె లిఫ్టు తాత కాళ్ళు నొక్కి చూసి, మంచం పట్టిన మనిషి కాళ్ళలా లేవే అంది. ఆయన గోడవైపు చూశాడు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలిగితే, మెట్లు తానూ టైలరూ చెరోవైపు ఉండి దింపుతామని ఆమె చెప్పింది.

లిఫ్టు తాత కుర్చీ అంచుకు జరిగాడు. చేతులు గుండెల మీద కట్టుకున్నాడు. ముందుకు వంగి లేవబోయాడు. సగం లేచాడో లేదో, కొడుకు చెయ్యి వచ్చి మోచేతిని పట్టుకుంది. టీచరమ్మ పట్టుకోవద్దంది. కొడుకు సరేనని వెనక్కి జరిగాడు. రెండోసారీ అంతే. ఆ చెయ్యి కొడుకు మాట కూడా వినేలా లేదు.

"చెయ్యి తియ్యరా," అన్నాడు లిఫ్టు తాత.

"తీశాను నాన్నా."

మూడోసారీ పట్టుకున్నాడు. ఆయన తనంతట తాను లేచాడో, కొడుకు లేపాడో చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

"పడతారని లేవనివ్వకపోతే, లేవలేకే పడతారండీ," అంది టీచరమ్మ.

"అమ్మ కూడా తనంతట తనే లేచింది. నేను ఇక్కడే నిలబడి చూస్తున్నాను," అన్నాడు కొడుకు. "మీరు వారానికి రెండుసార్లు వస్తారు. మిగతా రోజులు ఈ ఇంట్లో ఉండేది నేను."

టీ కప్పులు తీయడానికి కోడలు వచ్చింది. కమ్మీ ఇవతల నిలబడి చూపిస్తే ఒక్క క్షణంలో తేలిపోతుందని లిఫ్టు తాతకు తెలుసు. కోడలి ముఖం చూశాడు, నోరు మెదపలేదు. పాపం, ఇద్దరి చేతుల్లోనూ ఆయన బందీయే. ఇద్దరూ కంటికి రెప్పలా చూసుకునేవాళ్ళే.

పడుకునే ముందు కొడుకు కమ్మీ తగిలించి, వెంటనే వెళ్ళకుండా దాని మీద చేతులు పెట్టి నిలబడ్డాడు.

"సోమవారం నేను సెలవు పెడతాలే నాన్నా. నేనే దింపుతా. చూద్దాం."

చూద్దాం అంటే మన ఇళ్ళల్లో సగం కాదనే. మిగతా సగం కోసం లిఫ్టు తాత తల ఊపాడు.

తెల్లవారి కోడలు టీ తెచ్చి పిలిస్తే పలకలేదు. వెల్లకిలా, చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీలోంచి లేవబోతున్నవాడిలాగే ఉన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

వచ్చిన ప్రతివాళ్ళతోనూ కొడుకు అదే చెప్పాడు. "పడలేదండీ. నాన్న పడలేదు." అదొక్కటే తాను చేయగలిగినట్టు, అది చాలునో చాలదో వాళ్ళే చెప్పాలన్నట్టు వాళ్ళ ముఖాల్లోకి చూశాడు. టైలరు మాత్రం తలదించుకుని మెట్లు దిగిపోయాడు.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, కొడుకు మంచం విప్పడానికి ఆ గదిలోకి వెళ్ళాడు. కింద హాల్లో కుర్చీలు జరుగుతున్నాయి. టీచరమ్మ గొంతు మడమలు పైకి అంటోంది. ఆ గొంతు ఈ గదిలోకి ఇంత స్పష్టంగా వస్తుందని వాడికి తెలియదు. కమ్మీ ఊడదీయడానికి వంగి రెండు చేతులూ వేశాడు. వేళ్ళ కింద నున్నగా, చల్లగా తగిలింది.

చేతులు తీసి చూశాడు. లోపలి వైపు తెల్లరంగు కొత్తగా, తెచ్చిన రోజులాగే ఉంది. బయటి వైపు, మనిషి నిలబడి పట్టుకునే చోట, రెండు చేతుల వెడల్పున రంగంతా అరిగిపోయి ఇనుము మెరుస్తోంది.