దేవకమ్మ దాచిన నోటుపుస్తకం

ఉదయగిరి బస్టాండు పక్కనున్న పన్నెండు కొట్లూ శనివారానికల్లా ఖాళీ చేయాలని తహశీల్దారు నోటీసిచ్చాడు. అందులో ఒకటి వహాబ్‌ది. పర్మిషన్ కాగితం ఎవరి దగ్గరా లేదు. పదేళ్ల కిందట అప్పటి అధికారి నోటిమాటతో అనుమతిచ్చాడు. ఆ మాట విన్న విలేకరి నారాయణయ్య పోయి మూడేళ్లయింది.

నోటిమాట ఎంతకాలం నిలుస్తుందో వ్యాపారం చేసే వహాబ్‌కు తెలుసు. నారాయణయ్యకూ తెలుసు. అందుకే అధికారులు ఏం చెప్పినా ఆయన నోటుపుస్తకంలో రాసి, చదివి వినిపించి, కింద సంతకం పెట్టించుకునేవాడు. అది గుర్తొచ్చి వహాబ్ ఆయన ఇల్లున్న ఆత్మకూరుకు బస్సెక్కాడు.

నారాయణయ్య భార్య దేవకమ్మ గుమ్మంలోనే ఎగాదిగా చూసింది.

“ఏంరా, మళ్లీ పొట్లాలకు కాగితాలు కావాల్నా? ఆయన పోయిన నెలకే కిలో లెక్కన అడగను వచ్చినావే!”

“ఆ పొద్దు నువ్వు ఇయ్యకపోవడమే ఇప్పుడు మాకు లాభం అమ్మా,” అని వహాబ్ సంగతి చెప్పాడు.

ఊరి పేరు, సంవత్సరం రాసి గుడ్డల్లో కట్టిన మూటల్లోంచి ఆమె 1974 ఉదయగిరి మూట విప్పింది. మధ్యాహ్నానికి ఆ పేజీ దొరికింది. పన్నెండు కొట్లకు అనుమతి. కింద ఆకుపచ్చ సిరాతో సంతకం, తేదీ.

మరునాడు ఉదయగిరి ఆఫీసులో తహశీల్దారు పుస్తకం కోసం చెయ్యి చాచాడు. వహాబ్‌తో వచ్చిన దేవకమ్మ దాన్ని వదల్లేదు.

“చదువుకో నాయనా. చేతికి మాత్రం ఇయ్యను.”

ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల మీదుగా వంగి రెండుసార్లు చదివాడు. పాత ఫైలు తెప్పించి సంతకం పోల్చి చూశాడు. నోటీసు రద్దు చేశాడు.

వహాబ్ మెట్ల మీద నుంచే, కింద ఎదురుచూస్తున్న కొట్లవాళ్లకు వినబడేలా అరిచాడు. “బండ్లమీదికెక్కించిన సామాన్లు దించండిరా! మనం ఎక్కడికీ పోయేది లేదు!”