చప్పుడు లేని ఫ్యాను

కంప్యూటర్ డబ్బా పక్కరేకు విప్పి, పిల్లలు బొమ్మలకు రంగులేసే కుంచెతో లోపల పేరుకున్న దూది తీస్తున్నాను. పొద్దున చాయ్ తాగగానే రోజూ నా పని అదే. తీసింది తీసినట్టు అమ్మ అందుకుని, సూదులు గుచ్చుకునే చిన్న మెత్తలో కూరుకుంటోంది.

"గింత ఆకలి మిషన్ను నేనైతే చూడలే," అన్నది అమ్మ. "రోజుకింత దూది మింగుతది. మనకు బువ్వ మాత్రం నెలకోసారి పెడ్తది."

వెనక రేకుల పాకలో బాపు అప్పటికే పని మొదలుపెట్టాడు. మేము దూదేకులవాళ్ళం. చౌటుప్పల్‌లో బస్సురోడ్డుకు కాస్త లోపలగా మాది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కంప్యూటరు ఉంటుంది. దాని పక్క తలుపు తీస్తే పాక. పాకలో దూలానికి వేలాడగట్టిన పెద్ద విల్లు ఉంటుంది. కొయ్య గూటంతో కొడితే దాని నారి వణికి, గడ్డకట్టిన పాత దూదిని విడగొడుతుంది. ఊళ్ళో పరుపులు, మెత్తలు అణిగిపోయిన వాళ్ళంతా బాపు దగ్గరికే వస్తారు.

కంప్యూటర్‌ను మా అన్న ఆజం తెచ్చాడు. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. నేను తెలుగు టైపు నేర్చుకున్నానని, పెళ్ళికార్డులు, బడి ప్రశ్నపత్రాలు కొట్టుకుంటే ఇంటికి ఆసరా అవుతుందని తెచ్చాడు. బస్టాండు దగ్గర కొట్టు కిరాయికి తీసుకుందామన్నాడు కూడా. బాపు ఒప్పుకోలేదు. పెళ్ళికాని పిల్ల రోడ్డు మీద కూర్చోవద్దన్నాడు. అట్లా రెండు పనులూ ఒకే కప్పు కిందికి వచ్చాయి. కరెంటు ఉన్నప్పుడే నా పని, వెలుతురు ఉన్నప్పుడే బాపు పని. వంతులు వేసుకుందామన్నా కుదరలేదు. రెండూ సాగితే చాలని నేను కోరుకునేదాన్ని. ఒకటి ఆగితే, ఆగినవాళ్ళ ముఖం ఎట్లా చూడాలో నాకు తెలియదు.

బాపు దూదిని చెవితో చూస్తాడు. గడ్డ ఉన్నంతసేపు నారి మొద్దుగా మోగుతుంది. దూది విడిపోయేకొద్దీ ఆ మోత పల్చబడుతూ పోయి, చివరికి తేనెటీగ దూరంగా వెళ్ళిపోతున్నట్టు వినిపిస్తుంది. అక్కడ చెయ్యి ఆపాలి. ఇంకో పది దెబ్బలు పడ్డాయంటే పోగు తెగి దూది పొడి అవుతుంది. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇప్పుడా? ఇప్పుడా?" అని అడిగేవాడు. నేను ఎప్పుడూ ఒక నిమిషం ముందే "ఇప్పుడు" అనేదాన్ని.

ఆ సంవత్సరం, అంటే తొంభై ఏడులో, ఎండాకాలం ముందు డబ్బా లోపలి ఫ్యాను కుక్కపిల్లలా మూలగడం మొదలుపెట్టింది. ప్రాసెసర్ అనే చిన్న బిళ్ళ నెత్తిన, దాని వేడి లాగడానికి పెట్టిన ఫ్యాను అది. ఇరుసులో దూది చుట్టుకుంది. నేనెంత తీసినా లోపలిది రాలేదు.

"జర ఆపుతవా బిడ్డా, నారి ఇనపడ్తలేదు," అని పాకలోంచి బాపు పిలిచేవాడు. ఆపేదాన్ని. గంటకు రెండుసార్లు, మూడుసార్లు.

అమ్మ దానికి తనకు తెలిసిన మందు వేసింది. నేను చుట్టాలింటికి వెళ్ళిన రోజు డబ్బా ముందూ వెనకా ఉన్న గాలి సందులన్నిటికీ పల్చటి మల్లుగుడ్డ చుట్టి, పురికొసతో బిగించింది. వచ్చి నేను కార్డు పని మొదలుపెట్టిన అరగంటకే తెర బిగుసుకుపోయింది. డబ్బా మీద చెయ్యి పెడితే కాలింది.

మర్నాడు అన్నా నేనూ డబ్బాను దుప్పట్లో మూటగట్టుకుని నల్లగొండ బస్సెక్కాము. అక్కడ యోహాను అనే అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు. మూట విప్పగానే నవ్వాడు.

"చెల్లె, గీ గుడ్డ ఎవలు కట్టిండ్రు?"

"మా అమ్మ. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టింది."

"ఆవకాయకు గాలి సోకద్దు. దీనికి గాలి సోకకుంటే పానం పోతది. జెప్పు మీ అమ్మకు."

పాత ఫ్యాను పీకి పారేసి, బల్ల మీద రెండు కొత్తవి పెట్టాడు. ఒకటి పొట్టి అల్యూమినియం దిమ్మ. దాని మీద చిన్న ఫ్యాను, లోపల ఇనుప గుండ్లు. రెండోది ఎత్తు దిమ్మ. దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా రేకులు, మీద వెడల్పు ఫ్యాను. రెండింటికీ కరెంటు ఇచ్చి తిప్పి చూపించాడు.

"గీ చిన్నది మోటరుబండి లెక్క మొత్తుకుంటది. గని దుమ్మయినా దూదయినా నూకేస్తది. పాడయ్యే ముంగట గరగరమని మొరుగుతది, నీకు ఎరుకైతది. గా పెద్దది వేడి మంచిగ లాగుతది, నిదానంగ తిరుగుతది, సప్పుడుండది. గని రేకుల సందుల దూది పట్టుకుంటది. ఆగినా ఆగినట్టు తెల్వది."

నేను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. పెద్దదాని గాలి చెంపకు తగిలింది కానీ చప్పుడు లేదు.

"రేడియోనా అది, చెవి కాడ పెట్టుకున్నవ్?" అన్నాడు అన్న. అప్పటికే చేతి గడియారం రెండుసార్లు చూసుకున్నాడు. "రెండో షిఫ్టుకు పోవాలె నేను."

"బాపుకు అడ్డం రాకుండ ఉంటదా అని చూస్తున్న."

"ఏందే, మిషను మంచిగుండాలెనా, బాపు మంచిగుండాలెనా?"

"రెండు," అన్నాను.

యోహాను మా ఇద్దర్నీ చూసి, "తీసుకపోయేది నువ్వు, తుడుసుకునేది నువ్వు. నీ ఇష్టం చెల్లె," అన్నాడు. పెద్దదే అన్నాను. ప్రాసెసర్ మీద తెల్లటి మందు, తమలపాకుకు సున్నం రాసినంత పల్చగా రాసి, దిమ్మను బిగించి ఇచ్చాడు. రోజుకోసారి తుడవమని రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి వచ్చి కొత్త కూలర్ పెట్టించామని చెబితే, అమ్మ డబ్బా చుట్టూ తిరిగి చూసింది. "కూలరంటే వట్టివేళ్ళ తడకలుంటయి గద? నీళ్ళు ఏడ పోస్తరు?"

"పోసేవు! నీళ్ళు మాత్రం పొయ్యకు," అని అన్న చేతులు జోడించాడు. బాపు నవ్వాడు. ఆ సాయంత్రం పాకలో పని చేస్తూ, "మిషను పెట్టినవా, పెట్టలేదా?" అని అడిగాడు. నడుస్తూనే ఉందంటే నమ్మక, తలుపు దాకా వచ్చి చూసి పోయాడు.

రెండు నెలలు ఎవరూ ఎవర్నీ ఆపమనలేదు.

తర్వాత పెళ్ళిళ్ళు వచ్చాయి. బాపుకు ఒకేసారి ఏడు పరుపులు. నాకు హైస్కూలు వాళ్ళ పరీక్షపత్రాలు, ఆరు తరగతులవి. పాకలో లేచిన దూది తలుపు సందుల్లోంచి వచ్చి నా రెప్పల మీద కూడా వాలేది. పొద్దున్నే కరెంటు పోయేలోగా రెండు పేజీలైనా అవుతాయని కుంచె పట్టడం ఒకరోజు మానాను. మర్నాడూ మానాను. లోపల చప్పుడు లేదు కనుక అంతా బాగున్నట్టే అనిపించింది. నాలుగో రోజు లెక్కల పత్రం మధ్యలో గీతలు వంకరపోయి, తెర నల్లబడింది. కాలిన గోరు వాసన వచ్చింది.

రేకు విప్పి చూస్తే ఫ్యాను ఎక్కడా కనిపించలేదు. దాని జాగాలో కోడిగుడ్డంత దూది ముద్ద ఉంది, బాపు ఏకినట్టే మెత్తగా.

ప్రాసెసర్ కాలిపోయిందన్నాడు యోహాను. పరీక్షపత్రాలు బడివాళ్ళు భువనగిరిలో ఇంకెవరికో ఇచ్చుకున్నారు. తప్పు నాది. ఆ మాట ఇంట్లో చెప్పాను. అన్న వినలేదు.

"తుడువకుంటే తప్పంటున్నవ్. తుడువాలె అనేటట్టు ఇంట్ల దూదెందుకు ఎగరాలె? దవాఖానల పొయ్యి పెడ్తరా?" అని బాపు ముందే అన్నాడు. "బాపు, నువ్వు గీ ఏకుడు బంద్ జేస్తే హసీనా నిమ్మళంగ పని చేసుకుంటది. ఇప్పుడు పట్నంల అంత మిషన్ల మీద ఏకుతున్నరు. నీ విల్లు ఇంకెన్ని రోజులు?"

బాపు తింటున్న కంచం వైపే చూశాడు. చెయ్యి కడుక్కుని, "గా మొత్తుకునే ఫ్యానే పెట్టియ్యి బిడ్డకు," అన్నాడు. "నాకేం ఫికర్ లేదు. నలభై ఏండ్ల చెయ్యి. ఇనకున్నా ఎరుకైతది."

కొత్త ప్రాసెసర్ మీద ఆ చిన్న ఫ్యాను వచ్చి కూర్చుంది. నొక్కగానే గది నిండా గీ అని ఒకటే రొద. దూది దాని దగ్గర నిలవలేదు. తలుపు మూసినా పాకలోకి వినిపించేది. బాపు ఒక్కసారి కూడా ఆపమనలేదు. కానీ నేను చూస్తూనే ఉన్నాను. గూటం ఎత్తి, తల పక్కకు వంచి, నారికి చెవి దగ్గరగా పెట్టేవాడు. మళ్ళీ కొట్టేవాడు. మళ్ళీ వంగేవాడు. ఒక మెత్తకు పట్టే సమయం రెండింతలైంది. ఒకటి రెండుసార్లు నేనే లేచి మిషను ఆపాను. "నా కోసం ఆపకు," అన్నాడు కోపంగా. ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

బడివాళ్ళు మళ్ళీ ఒక పత్రం ఇచ్చారు. మధ్యాహ్నం పన్నెండుకల్లా ఇవ్వాలి. ఇది సరిగ్గా ఇస్తే పై తరగతులవీ నాకే అన్నారు. ఆ పొద్దున ఉప్పలమ్మ వచ్చింది. ఆమె వెనక వాడలో ఉంటుంది. వారం కింద రెండు మెత్తలు చేయించుకుపోయింది. వస్తూనే ఒకదాన్ని బాపు ముందు దులిపింది. నేత సందుల్లోంచి తెల్లటి పొడి రాలింది.

"ఏంది మామూదన్నా, దూది కూరినవా, పిండి కూరినవా? పండి లేస్తె నా మనుమరాలు నన్ను జూసి దయ్యమని ఉరికింది!"

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. బాపు మెత్త కుట్టు ఒక మూల విప్పి, చిటికెడు దూది తీసి, వేళ్ళ మధ్య లాగాడు. అది సాగలేదు. తెగింది. ఇంకో మూల నుంచి తీశాడు. అదీ తెగింది.

"చెయ్యి తిరుగుతలేదా? కండ్లు గానొస్తలేవా?" అన్నది ఉప్పలమ్మ, ఈసారి మెల్లగా.

"ఇయ్యాల్నే మల్ల చేసిస్త అక్కా. కొత్త దూది పెడ్త," అన్నాడు బాపు. ఆమె మెత్తలు అక్కడే వదిలి వెళ్ళింది.

ఆయన గూటం పట్టుకుని విల్లు దగ్గర నిలబడ్డాడు. రెండు దెబ్బలు కొట్టాడు. తల వంచి విన్నాడు. తర్వాత తిరిగి తలుపులోంచి నా వైపు చూశాడు. ఆపమని అనలేదు. ఊరికే చూశాడు.

నా చెయ్యి స్విచ్చు దాకా వెళ్ళింది. తెర మీద ఇంకా మూడు పేజీలు మిగిలి ఉన్నాయి. పదకొండుకు కరెంటు పోతుంది. ఒక్క మెత్తకు ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. మూడు పేజీలకు ఎంతసేపు పడుతుందో కూడా తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకుని, మీటల మీద పెట్టాను. కళ్ళు తెర మీదికి తిప్పుకున్నాను. ఏ అక్షరం కొట్టానో నాకే తెలియదు.

పాకలో దూలానికున్న తాడు విప్పడం కంటి కొసకు కనిపించింది తప్ప ఆ అలికిడి చెవికి అందలేదు. బాపు విల్లు దించి భుజానికి వేసుకున్నాడు. గూటం చంకలో పెట్టుకున్నాడు. ఉప్పలమ్మ మెత్తలు రెండూ, ఇంత కొత్త దూదీ తువ్వాలలో మూటగట్టాడు. అమ్మ, "ఎటు పోతున్నవ్? బువ్వ తిని పో," అంటూ వెంట వచ్చింది. "ఉప్పలమ్మ వాకిట్ల ఏకిస్త. ఆడైతే నారి ఇనపడ్తది," అన్నాడు. ఆయన నా కుర్చీ వెనక నుంచే, విల్లు కొస గోడకు తగలకుండా పక్కకు ఒరిగి, గడప దాటి వెళ్ళిపోయాడు.