జపాన్ బొమ్మకు కళ్లు

గుర్వయ్య ఇంట్లో బొమ్మకు కళ్లు చివర్నే పెట్టాలి. కథలు చెప్పేవాళ్లకు తాతల కాలం నుంచి గుడ్డ మీద బొమ్మల పటాలు వేసిచ్చిన ఇల్లది. ఇప్పుడు పటాలు అడిగేవాళ్లు లేక నల్గొండ బజార్లో దుకాణాల బోర్డులు రాస్తున్నారు. బోర్డయినా సరే, తలస్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, గురువే కళ్లు వేయాలి; దాన్నే కళ్లు తెరవడం అంటారు. గురువు కుంచె ఇవ్వకుండా ఇంకెవరైనా తెరిచారో, వాళ్ల కళ్లు పోతాయి!

మేనకోడలు అండాలు ఈ మాట చిన్నప్పటి నుంచీ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? తండ్రి పోయాక అన్నం పెట్టి, కుంచె పట్టించింది ఆ మేనమామే. చీర కుచ్చిళ్లు, చేతి వేళ్లు, జడలో పూలు అన్నీ ఆమె వేసేది. కళ్లు మాత్రం మామవి, కింద సంతకమూ మామదే. గుడ్డి మొహాలు వేసీ వేసీ ఆమెకు ప్రాణం విసిగింది.

పంతొమ్మిదివందల అరవై మూడు ఎండాకాలంలో బెల్లం పొట్లంగా ఒక రంగు కాగితం ఇంటికొచ్చింది. పిల్లలకు బొమ్మలు నేర్పే కాగితమది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి గానీ, బొమ్మ వేయడానికి చదువెందుకు? మొదట ఒక గుండ్రం. దాని మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. అడ్డగీత మీద రెండు కళ్లు, అబ్బో, జామకాయలంత! కంట్లో తెల్లటి చుక్క. ముక్కు ఉందా లేదా అన్నట్టుంది. ఆ తర్వాతే జుట్టూ, గౌనూ.

"ఇది జపాన్ రాతే. పట్నం నుమాయిష్ల అమ్మే బొమ్మల మీద గిట్లనే ఉంటది," అన్నాడు గుర్వయ్య. "గని ముందుగాల కండ్లేందే? వాళ్లకు ఆచారం లేదు గావచ్చు."

అండాలు అరుగు మీద సుద్దతో వేసి చూసింది. కళ్లు వదిలేస్తే ఆ బొమ్మలో ఏముంది? బోర్లించిన కుండ.

కొత్తగా బట్టల దుకాణం పెడుతున్న పెద్దులు ఆ కాగితం చూసి ముచ్చటపడ్డాడు. తలుపుకు చెరోపక్క గోడ మీద అలాంటి పిల్ల ఉండాలన్నాడు.

"ఈసారి నువ్వే తెరువు బిడ్డా," అన్నాడు గుర్వయ్య. "శుక్రారం నాడు కుంచె నీ చేతికిస్త."

ఆ మాటకు అండాలు కాళ్లు నేల మీద నిలవలేదు. ఎడమ గోడ మీద బొమ్మంతా వేసి కళ్ల జాగా వదిలింది. శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, ఒక్కపొద్దుతో కొబ్బరికాయ పట్టుకుని బజారుకు పోయింది.

బొమ్మ అప్పటికే చూస్తోంది. పక్కన మామ కొడుకు సాయిలు కుంచె తుడుచుకుంటున్నాడు. కింద 'గుర్వయ్య, సాయిలు' అని రాసి ఉంది.

"ముహూర్తం దాటిపోతాందని వానితోని తెరిపిచ్చిన," అన్నాడు గుర్వయ్య, ఆమె మొహం చూడకుండా. "రేపు పెండ్లయితే పోయేదానివి. కుంచె ఇంట్లనే ఉండాలె గదనే."

"వానికెప్పుడిచ్చినవ్ మామా కుంచె?"

సద్ది తెచ్చిన అత్త నర్సింగమ్మ అందుకుంది. "ఎప్పుడేందే? మా సాయిలు ఇంత పొట్టిగున్నప్పటిసంది తెరుస్తనే ఉన్నడు. నీ బొమ్మలకు సగం కండ్లు వానియే. కొబ్బరికాయ లేదు, గిబ్బరికాయ లేదు. వాని కండ్లకేమైంది, మంచిగనే ఉన్నయ్!"

ఆచారం అందరికైతే అండాలు ఓర్చుకునేది. ఆ భయం తనొక్కదానికే పెట్టారు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే గదా! అదీ అన్నం పెట్టిన చేత్తో.

కొబ్బరికాయ గడప మీద పెట్టి, కుడి గోడ దగ్గరికి పోయింది. సుద్దతో గుండ్రం గీసింది, రెండు గీతలు గీసింది, నల్లరంగులో కుంచె ముంచింది.

"అండాలూ! కండ్లు పోతయే!" గుర్వయ్య అలవాటుగా అరిచాడు.

"పోనీ మామా. ఇన్నేండ్లు ఉండి మాత్రం అవి ఏం జూసినయ్?"

ఏడుస్తూనే వేసింది. రెండు కళ్లలో తెల్లటి చుక్కలు పెట్టి, కుంచె మామ చేతికిచ్చింది.

"మిగిలింది మీ సాయిలుతోని ఏపియ్యి."

సాయిలుకు చిటికెన వేలు గీయడం కూడా రాదు. కళ్లు తెరిచాక బొమ్మ మీద కుంచె పెట్టడం గుర్వయ్యకు ఆచారం కాదు. పెద్దులు దుకాణం తెరిచిననాడు కుడి గోడ మీద ఆ రెండు కళ్లే ఉన్నాయి. గుర్వయ్య ఆ తర్వాత ఎప్పుడు బజారుకొచ్చినా, ఆ గోడ ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి పోయేవాడు.