మళ్లా చూడు

రొయ్యల గుంటల వైపు నుంచి వచ్చిన కేక ఆడగొంతో మగగొంతో తెలియలేదు. షెడ్డులో కూర్చుని రొయ్యల తలలు తీస్తున్న ముంతాజుకు మాత్రం అది తన కూతురు జబీనాదే అనిపించింది. ఏ కేక విన్నా ఆమెకు అట్లాగే అనిపిస్తుంది.

ఆడవాళ్లంతా చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తారు. నాలుగో గుంట గట్టు మీద నలుగురు పిల్లలు ఒకణ్ణి మోసుకొస్తున్నారు. రూఫసు. షెడ్డులో రోజూ ముంతాజు పక్కన కూర్చునే ఆనందకుమారి కొడుకు. కుడిచెయ్యి మణికట్టు దాకా కరెంటుకు నల్లగా కాలిపోయింది. ఊపిరి ఆడుతోంది. అల్లా, నా బిడ్డ కాదు అనుకుంది ముంతాజు. అనుకున్నందుకు ఆ క్షణమే సిగ్గుతో కుంచించుకుపోయింది.

చంద్రమౌళి కారు గట్టు మీదికి వచ్చి ఆగింది. ఆ గుంటలు ఆయనవి. విడవలూరు దారిలో ఉన్న ఐటీఐ కూడా ఆయనదే. రూఫసు, జబీనా లాంటి ఎలక్ట్రీషియన్ కోర్సు పిల్లల్ని ట్రైనింగు పేరుతో పిలిపించి, గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లను వాళ్లతోనే బాగు చేయిస్తాడు.

"స్టార్టరు ఆపి, మెయిను స్విచ్చి ఆపకుండా చెయ్యి పెడతారంట్రా ఎవురన్నా? ఆన్‌లైన్ పరీక్షలో తొంభై రెండు వచ్చినాయి గదా వీడికి! పొగరు గాకపోతే ఏంది?" అన్నాడాయన.

"సార్, మీ కారియ్యండి సార్. ఆసుపత్రికి..." ఆనందకుమారి ఆయన కాళ్ల మీద పడింది.

"ఆటో వస్తా ఉండాది."

కారు సీట్లకు బురద అంటుతుందని ఆయన అనలేదు. అయినా అందరికీ వినిపించింది.

ఆ మధ్యాహ్నమే పిల్లల ఫోన్లలోకి ఐటీఐ నుంచి మెసేజి వచ్చింది. రేపు పొద్దున ఏడుకు నాలుగో గుంటకు రూఫసు బదులు జబీనా రావాలి. రానివాళ్లకు ప్రాక్టికల్ మార్కులు పడవు.

ముంతాజు ఇంటికొచ్చి గ్యాసు పొయ్యి బిరడా తిప్పి చూసింది. వాసన చూసింది. మళ్లా తిప్పి చూసింది.

"అమ్మా, ఆపే ఉండాది. మూడుసార్లు చూసినావు" అంది జబీనా.

"నాలుగోసారి చూస్తే నీకేం నొప్పి? ఆ ఫోను ఇట్టా తీసుకురా. రెండేళ్లుగా ఏం నేర్చినావో నాకు చూపించు."

తెర మీద మోటారు బొమ్మ. రంగురంగుల వైర్లు. జబీనా కావాలనే ఒక తప్పు వైరును వేలితో నొక్కింది. తెర ఎర్రగా మెరిసి, 'మళ్లీ ప్రయత్నించండి' అని పడింది. జబీనా నవ్వింది. "చూసినావా, ఇంతే."

"ఇట్టా ఎన్నిసార్లు తప్పు నొక్కి ఉంటావు?"

"పన్నెండుసార్లు ఉంటాదేమో."

"పన్నెండుసార్లు చచ్చినావన్నమాట."

జబీనా నవ్వు ఆగిపోయింది.

"నిజం వైరు ఎప్పుడన్నా పట్టుకున్నావా?"

"యాడ పట్టుకునేది? కరోనాలో మూసిన వర్క్‌షాపు మేం చేరినాక కూడా తెరవలేదు. దాని నిండా సారు రొయ్యల మేత బస్తాలు వేసుకున్నాడు. మాకు వీడియోలు పంపిస్తారు. టెస్టరు బొమ్మ చూసినా గానీ, టెస్టరు నేను చూడలేదుమా."

ముంతాజు ఫోను పక్కన పెట్టి లేచింది. కూతురి బట్టలు నాలుగు సంచిలో కుక్కింది. కావలిలో ఉన్న చెల్లెలింటికి పంపించేస్తే సరి. చదువు పోతే పోయింది. మనిషి మిగిలితే చాలు.

బస్సుకని బయలుదేరితే దారిలో షెడ్డు ముందు జనం. పని వదిలిన ఆడవాళ్లు, ఐటీఐ పిల్లలు, వాళ్ల మధ్యలో నరసయ్య. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన ఆనందకుమారి కూడా ఉంది. ముంతాజు చేతిలో సంచి ఆమె కంటపడింది.

"పంపించుకో మే. దాచుకో నీ బిడ్డని. మా వాడికి రెండు వేళ్లు తీసెయ్యాలంట. రేపు నీ బిడ్డ దిగకపోతే ఇంకొకరి బిడ్డ దిగతాది. అంతే గదా? పొద్దున గట్టు మీద వాణ్ణి చూసి, హమ్మయ్య నా బిడ్డ కాదు అనుకున్నావా లేదా?"

అందరూ ముంతాజు వైపు చూశారు.

"అనుకున్నా అక్కా" అంది ముంతాజు ఏడుస్తూ.

ఆనందకుమారి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేనైనా అదే అనుకుందును లే. అట్టా అనుకుంటారనే గదా ఆ సారు ధైర్యం" అంది.

"మార్కులు వెయ్యకపోతే సంవత్సరం పోద్ది" అన్నాడొక కుర్రాడు.

నరసయ్య మండిపడ్డాడు. "చెయ్యి పోతే ఏం జేస్తావురా? నన్ను మొదటిరోజు స్తంభం ఎక్కించలేదు మా మేస్త్రి. భయపడటం నేర్పినాడు. ఆపినావా అని పక్కోడు అడగాల. టెస్టరు పెట్టి చూసినావా అని అడగాల. చూసినా అన్నా కూడా, మళ్లా చూడు అనాల. మీ ఫోను ఇది నేర్పిందంట్రా?"

"మా అమ్మకు కరెంటు పని రాదు గానీ ఆ 'మళ్లా చూడు' మాత్రం బాగా వచ్చు" అంది జబీనా. ఆ ఏడుపుల్లోనే అందరూ నవ్వారు. ముంతాజు కూడా నవ్వింది. సంచి కిందపెట్టి దాని మీదే కూర్చుంది.

తీర్మానం అప్పుడే అయింది. ఒక్కరు కూడా గుంటలోకి దిగకూడదు. వర్క్‌షాపు తెరవాలి.

మర్నాడు మబ్బు పట్టింది. నాలుగో గుంటలో ఏరియేటర్లు తిరగక, గాలాడక రొయ్యలు పైకి తేలడం మొదలుపెట్టాయి. పిల్లల ఫోన్లు మోగి మోగి ఆగిపోయాయి. ఎవరూ ఎత్తలేదు. నరసయ్యతో కలిపి వందమంది దాకా ఐటీఐ ముందు నిలబడ్డారు. వర్క్‌షాపుకు తాళం. గునపం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ ముంతాజు దాకా వచ్చి ఆగింది.

ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది. పోలీసులొస్తారు. కేసు పెడతారు. జబీనాకు సర్టిఫికెట్టు ఇవ్వరు. షెడ్డులో పని తీసేస్తారు. అన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి. అన్నీ జరగనీ. నలుగురు కలిసి జబీనాను గట్టు మీద మోసుకురావడం ఒక్కటి జరక్కూడదు. రోజూ తన ఇంటి తాళం మూడుసార్లు లాగి చూసుకునే మనిషి, ఆ తాళాన్ని రెండు దెబ్బల్లో ఊడగొట్టింది.

బస్తాలు చేతులు మారుతూ వరండాలోకి వచ్చాయి. వాటి వెనక గోడకు స్విచ్చిబోర్డు, బల్ల మీద మోటారు. మోటారుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. పిల్లలు దాన్ని ముట్టుకోవడానికి జంకారు.

నిన్న మనిషి కాలితే రాని పోలీసు జీపు ఈ రోజు పావుగంటలో వచ్చింది. వెనకే చంద్రమౌళి.

"తాళం పగలగొట్టింది ఎవురు?" అన్నాడు ఎస్సై.

ముంతాజు ముందుకొచ్చింది. "నేనే సార్. ఆయన్ని కూడా ఒకమాట అడగండి, రెండేళ్లుగా ఆ తాళం ఎందుకేసినాడో."

ఆమెను జీపెక్కించారు. ఆనందకుమారి కూడా ఎక్కి కూర్చుంది.

"నిన్నెవురు ఎక్కమన్నారు?"

"ఇది ఒక్కతే వస్తే దారిలోనే భయపడి చస్తాది సార్. ఉండనియ్యండి."

జబీనా ఏడుస్తూ జీపు వెనక పరిగెత్తింది.

"ఏడవబాక! నా ఎనక రాబాక! లోపలికి పో, పని నేర్చుకో!" అని అరిచింది ముంతాజు.

జబీనా ఆగింది. వెనక్కి తిరిగి వర్క్‌షాపులోకి నడిచింది. జీపు గేటు దాటుతుండగా లోపల నుంచి నరసయ్య గొంతు వినిపించింది.

"ఆపినావా?"

"ఆపినా!" జబీనా గొంతు.

"చూసినావా?"

"చూసినా!"

ముంతాజు జీపులోంచి తల బయటకు పెట్టింది. తన భయమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

"మళ్లా చూడు!"

"మళ్లా చూడు!" అన్నారు పిల్లలంతా. వరండాలో ఆడవాళ్లు అందుకున్నారు. జీపు గుంటల మలుపు తిరిగేదాకా ఆ మాట వెనకే వచ్చింది. నాలుగో గుంటలో ఏరియేటర్లు కదలకుండా నిలబడి ఉన్నాయి.