పేరు చివర గాడు

నీలంగాడు కటింగ్ చేయించుకున్నాడు. ఎవరి దగ్గరో చేయించుకున్నాడు. ఆ సంగతి క్లైవ్ రోడ్డు ఇవతల నుంచే కనిపెట్టేశాడు. పాతికేళ్ళుగా తన కత్తెర కింద వంగిన మెడ అది. ఎడమ చెవి వెనక చిన్న సుడి ఉంటుంది. దాన్ని కిందికి దువ్వి కత్తిరించాలి, లేకపోతే కోడిపుంజు తోకలా లేస్తుంది. ఇవాళ తోక లేవలేదు. అదే క్లైవ్‌కి ఎక్కువ మండింది. చేతకానివాడెవడైనా చెడగొట్టి ఉంటే కడుపు కాస్త చల్లబడేది.

చెయ్యి తిరిగినవాడే చేశాడు. పేరు దఖీల్. ఇరాక్ నుంచి భార్యతో వచ్చి నాలుగేళ్ళయింది. కొండ మీది టూవుంబా ఊరి నడిబొడ్డున పాత ఫర్నిచర్ కొట్టు పడగొట్టి తొమ్మిదంతస్తుల మేడ లేపారు కదా, దాని కింద అద్దాల సెలూన్ అతనిదే. సరిగ్గా క్లైవ్ షాపుకి ఎదురుగా. మూడు దాటితే ఆ మేడ నీడ రోడ్డు దాటి వచ్చి క్లైవ్ కుర్చీలో కూర్చుంటుంది. డబ్బులివ్వని గిరాకీ అదొక్కటే.

అలాగని క్లైవ్‌కి పని తగ్గిందా అంటే, లేదు. బ్రిస్బేన్‌లో అద్దెలు కట్టలేక కొండెక్కి వచ్చేవాళ్ళు కొందరు, దేశం కాని దేశాల నుంచి వచ్చేవాళ్ళు కొందరు. ఇన్ని తలకాయలు ఊళ్ళో దిగుతుంటే ఇద్దరు బార్బర్లు ఏ మూలకి? శనివారం ఇద్దరి దగ్గరా జనం బయట బల్లల మీద కూర్చునే ఉంటారు. క్లైవ్ ఏడుపు గిరాకీ గురించి కాదు. నీలంగాడి గురించి. ఇంకా లోపలికి వెళితే, ఆ 'గాడు' గురించి.

ఆ ఊళ్ళో కాస్త కావలసినవాడైతే చాలు, అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలవరు. అదీ తిరగేసి పెడతారు. జుట్టు ఎర్రగా ఉంది కాబట్టి వాడు నీలంగాడు. ఆరున్నర అడుగుల మాంసం కొట్టువాడు బుడ్డిగాడు. పోస్టాఫీసులో స్టాంపు అంటించడానికి పూట పట్టేవాడు జోరుగాడు. ఎదురుపడితే ముందు నాలుగు తిట్లు తిట్టుకుని ఆ తరవాత బాగున్నావా అనుకుంటారు. ఎవరినైనా ఫలానా గారూ అని మర్యాదగా పిలిచారంటే, వాడు బ్యాంకు మేనేజరైనా అయి ఉండాలి, వీళ్ళకి గిట్టనివాడైనా అయి ఉండాలి.

క్లైవ్ హాడో ఈ ఊరికి పక్కనున్న డాల్బీ నుంచి వచ్చి పాతికేళ్ళు. ఈ రోజుకీ క్లైవే. తిట్టరు, కొట్టరు, "గుడ్ మార్నింగ్ క్లైవ్" అంటారు. ఒకప్పుడు ఉండబట్టలేక తనకి తనే ఒక పేరు తయారు చేసుకుని వదిలాడు. బుడ్డిగాడికి గడ్డం గీస్తూ, డాల్బీలో చిన్నప్పుడు నన్ను కత్తెరగాడు అనేవాళ్ళులే అని ఊరికే అన్నట్టు అన్నాడు. బుడ్డిగాడు అద్దంలోంచి చూసి, "ఓహో, అలాగా క్లైవ్" అన్నాడు. అంతే. అలాంటి పేరు ఎవరో ఒకరు తగిలించాలి తప్ప, మనంతట మనం తగిలించుకుంటే ఊడిపోతుంది.

ఇంట్లో భార్య నోలీన్‌కి ఈ రోగం తెలుసు. అప్పుడప్పుడు కూర వడ్డిస్తూ, "కాస్త ఉప్పు అందుకో కత్తెరగాడూ" అని తనలో తను నవ్వుకునేది. ఇంట్లో పిలిస్తే లెక్కలోకి రాదు కదా.

రెండేళ్ళు తవ్వి, పూడ్చి, మళ్ళీ తవ్విన రోడ్డు ఆ సెప్టెంబరులో పూర్తయింది. కొత్త బెంచీలు, కొత్త దీపాలు, పూలకుండీలు. పండగ చేసుకోవాలని కొట్లవాళ్ళందరూ తీర్మానించారు. శనివారం సాయంత్రం రోడ్డు మూసేసి ఈ చివర నుంచి ఆ చివరి దాకా బల్లలు వేస్తారు. మేడల్లో కొత్తగా దిగినవాళ్ళతో సహా అందరూ రావచ్చు. ప్రతి కొట్టు అద్దానికీ కాగితం అంటించారు. కింద ఒక ముక్క రాశారు: తలా ఒక ప్లేటు తీసుకురండి.

ఆ దేశంలో పుట్టినవాడెవడికీ ఆ ముక్క విప్పి చెప్పనక్కర్లేదు. ప్లేటు తెమ్మంటే ఇంట్లో ఏదైనా వండి, ప్లేటులో పెట్టుకుని తెమ్మని.

దఖీల్ ఆ దేశంలో పుట్టలేదు. గురువారం మధ్యాహ్నం రోడ్డు దాటి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, లోపలికి రావచ్చా క్లైవ్ గారూ అని అడిగాడు. అతనెప్పుడూ అంతే. ఒకే పనిలో ఉన్న పెద్దాయన కదా అని క్లైవ్‌ని గారు చేర్చకుండా పిలవడు. ఈ గారుతోనే క్లైవ్‌కి ఒళ్ళు మండేది. ఊరంతా దూరంగా పెట్టింది చాలక వీడొకడు పీట వేసి కూర్చోబెడుతున్నాడని.

"ఈ ప్లేటు ఏంటండీ? పెట్టేవాళ్ళ దగ్గర ఉంటాయి కదా ప్లేట్లు. మనం ఎందుకు తేవాలి?" అన్నాడు దఖీల్.

క్లైవ్ కత్తి నూరడం ఆపలేదు. అద్దంలో అవతలి సెలూన్ కనిపిస్తోంది. దాని ముందు నీలంగాడు కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. కటింగ్ అయిపోయి కూడా కదలడే. క్లైవ్ షాపులో ఏనాడూ అంతసేపు కూర్చోలేదు.

"ఊళ్ళో జనం పెరిగిపోయారు కదయ్యా. ప్లేట్లు చాలవు. వండేది మేం చూసుకుంటాం, మీరు కడిగిన ఖాళీ ప్లేటు పట్టుకొస్తే చాలు" అన్నాడు.

దఖీల్‌కి ఆ మాట మింగుడుపడలేదు. ఖాళీ చేతులతో భోజనానికి వెళితే మా వైపు తప్పండీ, మా ఆవిడ షిరీన్ ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి చేద్దామనుకుంటోంది అన్నాడు. వద్దు వద్దు, ఇక్కడ అలా తెస్తే మేం పెట్టేది చాలదనుకున్నారని బాధపడతారు అని క్లైవ్ నమ్మకంగా చెప్పాడు. అతను గుండె మీద చెయ్యి వేసుకుని థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. క్లైవ్ ఆ సాయంత్రమంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

ఒక్క మనిషి ఒక్క ఖాళీ ప్లేటుతో బిక్కమొహం వేసుకుని నిలబడతాడు, నలుగురూ నవ్వుతారు, నీలంగాడు చూస్తాడు. క్లైవ్ ఊహ అంతవరకే వెళ్ళింది. బార్బరు కుర్చీలో పడిన మాట ఎంత దూరం పోతుందో పాతికేళ్ళ బార్బరుకి గుర్తు రాకపోవడం ఆశ్చర్యమే మరి. శుక్రవారమంతా దఖీల్ దగ్గర కూర్చున్న ప్రతి కొత్తవాడూ ఆ ప్లేటు సంగతేంటి అని అతన్నే అడిగాడు. అతను తెలిసినంత వరకూ శ్రద్ధగా చెప్పాడు. వాళ్ళు మేడలోకి వెళ్ళి లిఫ్టులో చెప్పుకున్నారు.

శనివారం సాయంత్రం మొదట పాతకాపులు వచ్చారు. సాసేజ్ రోల్స్, బంగాళాదుంప సలాడ్, కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు. బల్ల మీద పెట్టి, ఇంకా వస్తాయిలే అని అటూ ఇటూ సర్దుతున్నారు. అప్పుడు తొమ్మిదంతస్తుల మేడ తలుపు తెరుచుకుంది. సూడాన్ వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, కేరళ నర్సమ్మలు, బ్రెజిల్ నుంచి చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్ళు, ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని, చంకలో తలా ఒక తళతళలాడే ఖాళీ ప్లేటుతో వరస కట్టి దిగారు. అందరికన్నా ముందు దఖీల్, అతని పక్కన షిరీన్. ఆమె చేతిలో ప్లేటు అన్నిటికన్నా పెద్దది.

బుడ్డిగాడు నోట్లో పెట్టుకోబోతున్న సాసేజ్ రోల్‌ని తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

షిరీన్ బల్లల మీద వంటలు చూసింది, చేతిలో ప్లేటు చూసుకుంది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ముఖం తిప్పుకుంది. ఇదంతా ఎవరు చెప్పారయ్యా అని జోరుగాడు అడిగితే, దఖీల్ క్లైవ్ వైపు చూశాడు. చూసి, నా ఇంగ్లీషు తక్కువండీ, నేనే తప్పుగా అర్థం చేసుకున్నాను అన్నాడు.

ముందు నీలంగాడికి వచ్చింది నవ్వు. కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళి దఖీల్ భుజం మీద గట్టిగా చరిచాడు.

"ఓరి దొంగ వెధవా! ఊరు ఊరంతటికీ ఖాళీ ప్లేట్లు పట్టించావు గదరా ప్లేటుగాడా!"

ప్లేటుగాడు. ఆ మాట ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి అలా దొర్లుకుంటూ పోయింది. ప్లేటుగాడికి కుర్చీ వెయ్యండ్రా. ప్లేటుగాడి గ్లాసు నింపండ్రా. బుడ్డిగాడు కొట్టు తెరిచి మాంసం పట్టుకొచ్చాడు, పిజ్జా కొట్టువాడు పొయ్యి వెలిగించాడు, తిండి దానంతటదే కుదురుకుంది. క్లైవ్ ఇదంతా చూస్తూ లామింగ్టన్‌ని పిసికి పిండి చేశాడు. నాలుగేళ్ళు. నాలుగంటే నాలుగేళ్ళకి గాడు వచ్చేసింది వీడికి. ఆ గాడు ఎవరిది? కథ అల్లింది ఎవరు? ఆ ప్లేట్లన్నీ ఎవరివి?

తట్టుకోలేక కుర్చీలోంచి లేచాడు.

"అతను కాదర్రా. నేనే చెప్పాను ఖాళీ ప్లేట్లు తెమ్మని. కావాలనే చెప్పాను."

ఇది పశ్చాత్తాపం అనుకునేరు. కాదు. పేరు మీద హక్కు రాబట్టుకోవడం. నీలంగాడు అతని వంక జాలిగా చూశాడు. దఖీల్‌ని కాపాడాలని నీ మీద వేసుకుంటున్నావు, ఎంత మంచివాడివి క్లైవ్, కూర్చో అన్నాడు. నువ్వెక్కడ, ఇలాంటి అల్లరెక్కడ అని జోరుగాడు కూడా తలూపాడు. పక్క బల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి క్లైవ్ కోసం అని గ్లాసులు కూడా ఎత్తారు. క్లైవ్ కూర్చున్నాడు. నోలీన్ మాత్రం అతన్నే చూస్తోంది. ఆమె నవ్వడం లేదు.

సోమవారం పొద్దున దఖీల్ షాపు తెరవలేదు. రోడ్డు దాటి ఇటు వచ్చాడు. ఈసారి లోపలికి రావచ్చా అని అడగలేదు. వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

షిరీన్ రెండు రోజులుగా గది దాటి బయటికి రాలేదన్నాడు. అందరి ముందు ఖాళీ ప్లేటుతో నిలబెట్టావు, ఇప్పుడు ఆ ప్లేటునే నీ పేరు చేసి వెక్కిరిస్తున్నారు అని ఒకటే ఏడుపట. దఖీల్ రొట్టె కొనడానికి వెళితే అక్కడా ప్లేటుగాడా అన్నారట. బ్రిస్బేన్‌లో ఆమె అన్న ఉన్నాడు, అక్కడికి వెళ్ళిపోదామనుకుంటున్నారు.

"మీరు నాకు ఎందుకు అబద్ధం చెప్పారో నేను అడగను. ఇప్పుడు మాత్రం నిజం చెప్పండి క్లైవ్ గారూ. గాడు అంటే ఏంటి? మమ్మల్ని పొమ్మంటున్నారా?"

క్లైవ్ అద్దంలో అతన్ని చూశాడు. ఒక్క మాట చాలు. అవునయ్యా, వెక్కిరింతే అంటే చాలు. ఎదుటి అద్దాల తలుపుకి తాళం పడుతుంది. నీలంగాడి సుడి మళ్ళీ తన దువ్వెన కిందికి వస్తుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. బాగుంది, తియ్యగా ఉంది. కానీ అద్దంలో ఉన్న మనిషి రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. బార్బరు గడ్డం మాసి ఉండడం ఇంకో బార్బరు చూడలేడు.

సబ్బు నురగ కలిపి అతని చెంపకి పట్టించాడు. మొహం కనబడకుండా ఉంటే చెప్పడం తేలికని కాబోలు.

"పొమ్మనాలనుకుంటే గారు అంటార్రా నాయనా. నన్ను చూడు. పాతికేళ్ళుగా ఊళ్ళో ఒక్కడూ నన్ను వెధవా అనలేదు. ఆ గాడు కోసం నేను పడని పాట్లు లేవు. నీకు ఊరికే ఇచ్చేశారు. అదీ నా ప్లేటుతో. షిరీన్‌కి చెప్పు, వాళ్ళు మిమ్మల్ని కలిపేసుకున్నారని. నమ్మకపోతే నేనే వచ్చి చెబుతాను, ఎందుకు అబద్ధమాడానో అది కూడా చెబుతాను."

గడ్డం సగం గీశాక, ఈ చెంప నున్నగా, ఆ చెంప తెల్లగా ఉండగా, దఖీల్ అద్దంలోనే చూస్తూ అన్నాడు.

"అంటే మీరు కుళ్ళుకున్నారు."

"చచ్చేంత."

"క్లైవ్ గారూ, మీరు వట్టి ముసలి వెధవలండీ" అన్నాడు దఖీల్ ఎంతో మర్యాదగా.

క్లైవ్ చేతిలో కత్తి ఆగింది. తిట్టు సరైనదే. కూర్పే బాగాలేదు. వెధవ పక్కన అండీ రాదని, గారు అసలే రాదని, రెండో చెంప గీస్తూ నేర్పించాడు. ఎంత చెప్పినా దఖీల్‌కి నోరు తిరగలేదు.

మొహం తుడుచుకుని అతను బయటికి వెళ్ళాడు. సాయంత్రం షిరీన్ దగ్గరికి రమ్మని చెప్పి మరీ వెళ్ళాడు. రోడ్డు మధ్యలో ఉండగా నీలంగాడు ఎదురొచ్చి, ఏరా ప్లేటుగా, ఇంకా తాళం తియ్యలేదేంట్రా అన్నాడు. దఖీల్ ఒక్క క్షణం తడబడ్డాడు. తరవాత నడుం మీద చేతులు పెట్టుకుని, నీ గడ్డం తగలెయ్య, పొద్దున్నే దాపురించావేంట్రా నీలంగా అన్నాడు. నీలంగాడు పడీ పడీ నవ్వి అతని మెడ మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ అలాగే అద్దాల సెలూన్ వైపు నడిచారు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న క్లైవ్‌ని గమనించి నీలంగాడు టోపీ ఎత్తాడు.

"గుడ్ మార్నింగ్ క్లైవ్."

గుడ్ మార్నింగ్ అన్నాడు క్లైవ్. నిజం చెబితే కడుపుమంట తగ్గుతుందని ఎవరైనా చెప్పి ఉంటే వాడి చెవి కత్తిరించేవాడు ఆ నిమిషంలో. లోపలికి వెళ్ళి నురగ గిన్నె కడిగి బోర్లించాడు. సాయంత్రం షిరీన్ ముందు నిలబడి ఏం చెప్పాలో అద్దం ముందు ఒకసారి చెప్పుకుని చూశాడు. బాగా రాలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.